అప్లికేషన్‌లోకి ముఖం మళ్లీ వచ్చిన కథ

2009-10 అడ్మిషన్ల కాలంలో అమెరికాలో ఓ హైస్కూలు కుర్రాడు రిమోట్‌తో ఎగిరే బుల్లి హెలికాప్టర్‌కి ఏనుగు వేషం వేశాడు. అది గాల్లో చక్కర్లు కొడుతుంటే వీడియో తీసి యూట్యూబ్‌లో పెట్టాడు. ఇంకో ఊళ్లో ఓ అమ్మాయి లెక్కల్ని డాన్సు చేసి చూపించింది. ఇది బార్ గ్రాఫ్, ఇది సైన్, ఇది కొసైన్ అంటూ ఒంటినే గ్రాఫు కాగితం చేసింది. చూసిన జనం వేలల్లో ఉన్నారు గానీ, వాళ్లిద్దరూ తీసింది మాత్రం బోస్టన్ పక్కనున్న టఫ్ట్స్ విశ్వవిద్యాలయం అడ్మిషన్ల ఆఫీసులో కూర్చునే కొద్దిమంది కోసం.

ఏనుగే ఎందుకంటే, టఫ్ట్స్ వాళ్ల గుర్తు జంబో. పి.టి. బార్నమ్ సర్కస్‌లో పేరు మోసిన ఆ ఏనుగు 1885లో కెనడాలో రైలు గుద్ది చచ్చిపోతే, లోపల కూరి నిలబెట్టిన దాని చర్మాన్ని బార్నమ్ ఈ కాలేజీకి ఇచ్చేశాడు. 1975లో అగ్నిప్రమాదంలో అదీ కాలిపోయింది. మిగిలిన బూడిదను వేరుశనగ వెన్న సీసాలో ఎత్తి దాచుకున్నారు. ఇలాంటి పని చేసిన కాలేజీ, సీటు అడిగే పిల్లల్ని వీడియో తియ్యమనడంలో వింతేముంది?

టఫ్ట్స్ ఆ ఏడాది అడిగింది చిన్న కోరికే. మీ గురించి ఏదో ఒకటి చెప్పే నిమిషం వీడియో తీసి, యూట్యూబ్‌లోనో ఇంకెక్కడో పెట్టి, ఆ లింకు మాకు ఇవ్వండి. ఇష్టమైతేనే. తీయకపోతే నష్టమేమీ లేదు. సుమారు 15,000 అప్లికేషన్లు వస్తే అందులో వెయ్యిమంది దాకా వీడియో పంపారు. అండర్‌గ్రాడ్యుయేట్ అడ్మిషన్ల డీన్ లీ కాఫిన్‌కి ఈ ఆలోచన ఎలా తట్టిందో ఆయనే చెప్పాడు. అంతకుముందు వసంతంలో ఎవరో పంపిన ఓ యూట్యూబ్ వీడియో చూశాడు. ఈ పిల్లవాడు మా దగ్గర అప్లై చేస్తే ఇంకేమీ చూడకుండా సీటిచ్చేస్తానే అనిపించిందట.

ఆ క్షణంతోనే కథ మొదలైందంటే నేను నమ్మను. మిగతా కాలేజీల్లోనూ డీన్లు ఉన్నారు, వాళ్లూ యూట్యూబ్ చూస్తూనే ఉన్నారు. ఈయనకే ఎందుకు తట్టిందో తెలియాలంటే రెండు సంగతులు చెప్పుకోవాలి. ఒకటి దాదాపు వందేళ్ల కిందటిది, చేదుగా ఉంటుంది. రెండోది ఐక్యూ పరీక్ష అంటే వణికిపోయిన ఓ చిన్నపిల్లవాడిది.

ముందు చేదు సంగతి. 1920లకు ముందు హార్వర్డ్ లాంటి కాలేజీల్లో చేరడానికి ప్రధానంగా కావాల్సింది ప్రవేశపరీక్షలో నెగ్గడమే. మన ఎంసెట్ పెట్టిన పద్ధతికి అది మరీ దూరమేమీ కాదు. మార్కులు వస్తే సీటు వస్తుంది. చిక్కు అక్కడే వచ్చింది. వలస వచ్చిన యూదు కుటుంబాల పిల్లలు బాగా చదివి, మార్కులు తెచ్చుకుని వచ్చేశారు. 1922 నాటికి హార్వర్డ్‌లో యూదు విద్యార్థులు ఐదో వంతు దాటారు. అధ్యక్షుడు ఎ. లారెన్స్ లోవెల్‌కి అది కంటగింపయింది. నేరుగా కోటా పెట్టబోతే గొడవైంది. దాంతో చుట్టు తిరిగి వచ్చారు. ఆ ఏడాది నుంచే అప్లికేషన్‌లో కొత్త ప్రశ్నలు చేరాయి: జాతి, మతం, తల్లి పుట్టింటి పేరు, తండ్రి పుట్టిన ఊరు. ఇంకో ప్రశ్నయితే మరీ ఘోరం, పుట్టినప్పటి నుంచి నీ పేరుగానీ మీ నాన్న పేరుగానీ మార్చుకున్నారా అని. కొన్నేళ్లకు ఫోటో కూడా అంటించమన్నారు. మార్కుల పక్కన ‘వ్యక్తిత్వం’ అనే కొలత వచ్చి కూర్చుంది. సిఫార్సు ఉత్తరాలకూ ఇంటర్వ్యూలకూ విలువ పెరిగింది. సోషియాలజిస్టు జెరోమ్ కారబెల్ 2005లో అచ్చైన ‘ది చోజెన్’లో ఈ చరిత్రంతా తవ్వి పోశాడు. 1930ల మొదట్లో హార్వర్డ్‌లో యూదు విద్యార్థుల వాటా సుమారు 15 శాతానికి పడిపోయింది.

ఇక్కడ తెలుగువాళ్లం కాస్త ఆగి ఆలోచించాలి. మన దగ్గర ఏ అప్లికేషన్ చూసినా ముందు కనిపించేది కుడిపక్కన ఫోటో అంటించే గడే. హాల్‌టికెట్ మీద ఉన్న మనిషే పరీక్ష రాస్తున్నాడా లేదా చూసుకోవడానికి అది. దాన్ని బట్టి సీటు రాదు, పోదు. అందుకే ఫోటో అడగడంలో తప్పేముందో మనకు చటుక్కున అందదు. అమెరికాలో ఆ ఫోటో పరీక్షకుడి కోసం కాదు, ఎంపిక చేసేవాడి కోసం. రెండో ప్రపంచయుద్ధం తర్వాత, 1948లో న్యూయార్క్, మరుసటి ఏడాది మాసచూసెట్స్ కాలేజీ ప్రవేశాల్లో వివక్షను నిషేధిస్తూ చట్టాలు తెచ్చాయి. ఫోటోలు, మతం గడులు నెమ్మదిగా మాయమయ్యాయి. ముఖం బయటికి వెళ్లింది గానీ, దాంతోపాటు వచ్చిన మిగతా సరంజామా ఉండిపోయింది. వ్యాసం, సిఫార్సు ఉత్తరం, ఇంటర్వ్యూ, ‘ఈ పిల్లవాడు ఎలాంటివాడు’ అన్న ప్రశ్న పోలేదు. పిల్లల్ని వడపోయడానికి పుట్టిన ప్రశ్నను తర్వాతి తరాల డీన్లు నిజాయతీగానే, పిల్లల్ని అర్థం చేసుకోవడానికి వాడటం మొదలుపెట్టారు.

ఇక రెండో సంగతి. రాబర్ట్ స్టెర్న్‌బర్గ్ చిన్నప్పుడు ఐక్యూ పరీక్ష అంటే భయపడేవాడు. ఆ భయంలోనే మార్కులు పోయేవి. తక్కువ మార్కులు చూసి టీచర్లు తన నుంచి పెద్దగా ఏమీ ఆశించేవాళ్లు కాదని, వాళ్లు ఆశించనందువల్ల తానూ చదివేవాడు కాదని చెప్పుకున్నాడు. నాలుగో తరగతిలో ఓ టీచరమ్మ నమ్మకం పెట్టుకుంటే గానీ ఆ బండి పట్టాలెక్కలేదు. యేల్‌లో చేరాక మనస్తత్వశాస్త్రం మొదటి కోర్సులో ‘సీ’ గ్రేడ్ వచ్చింది. ఈ రంగంలో ఒక పేరున్న స్టెర్న్‌బర్గ్ ఇప్పటికే ఉన్నాడు, ఇంకొకడు వచ్చేలా లేడని ప్రొఫెసర్ ఎత్తిపొడిచాడట. ఆ కుర్రాడే తర్వాత అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్‌కి అధ్యక్షుడయ్యాడు. తెలివి అంటే విశ్లేషణ ఒక్కటే కాదు, సృజన, లోకజ్ఞానం కూడా తెలివేనని జీవితమంతా వాదించాడు.

2005లో ఈ స్టెర్న్‌బర్గ్ టఫ్ట్స్‌కి డీన్‌గా వచ్చాడు. మరుసటి ఏడాది కాఫిన్‌తో కలిసి ‘కెలైడోస్కోప్’ అనే ప్రయోగం మొదలుపెట్టాడు. మామూలు వ్యాసాలతోపాటు ఇష్టమైతే రాసే కొన్ని చిత్రమైన ప్రశ్నలు చేర్చారు. చరిత్రలో ఫలానా ఘటన మరోలా జరిగి ఉంటే లోకం ఎలా ఉండేది? తెల్లవాళ్లకు సీటు ఇవ్వనన్న నల్లజాతి మహిళ రోజా పార్క్స్ ఆ రోజు బస్సులో సీటు వదిలేసి ఉంటే? ఇచ్చిన శీర్షికకు ఒక కథ రాయండి. ఓ తెల్ల కాగితం తీసుకుని మీకు నచ్చింది గీయండి, సినిమా పోస్టరైనా సరే, ఇంటి ప్లానైనా సరే. బట్టీ పట్టడానికి వీల్లేని ప్రశ్నలు ఇవి. పరీక్షల స్కోర్లలో కనిపించే జాతుల మధ్య తేడా ఈ జవాబుల్లో కనిపించలేదని స్టెర్న్‌బర్గ్ తర్వాత రాశాడు. కాగితం మీద బొమ్మ గీయమన్నవాళ్లు కెమెరాతో చూపించమనడానికి ఒక్క అడుగే మిగిలింది. మూడేళ్లలో ఆ అడుగూ పడింది.

ఆ అడుగు 2009లోనే పడటానికి కారణం పిల్లల చేతుల్లో ఉంది. యూట్యూబ్‌లో మొట్టమొదటి వీడియో 2005 ఏప్రిల్‌లో ఎక్కింది. శాన్‌డియేగో జూలో, ఏనుగుల ముందు నిలబడి తీసింది, 19 సెకన్లు. (ఈ కథలో ఏనుగులు ఎక్కువైపోతున్నాయి, నా తప్పు కాదు.) 2007లో ఫ్లిప్ అనే అరచేతి కెమెరా వచ్చింది. ఒక్క ఎర్ర బటన్, పక్కనుంచి తీసి నేరుగా కంప్యూటర్‌లో గుచ్చే యూఎస్‌బీ ముక్క, అంతే. 2009 జూన్‌లో వచ్చిన 3జీఎస్, వీడియో తీయగలిగిన తొలి ఐఫోన్. టఫ్ట్స్ అడిగింది ఆ శరదృతువులో. నాలుగేళ్ల ముందు అడిగి ఉంటే, ఇంట్లో క్యామ్‌కార్డర్ ఉన్న కుటుంబాల పిల్లలే పంపగలిగేవాళ్లు. నిజానికి అలాంటి అప్లికేషన్ వీడియోను సినిమా ముందే చూపించింది. 2001 నాటి ‘లీగల్లీ బ్లాండ్’లో కథానాయిక ఈత కొలనులో తేలుతూ తీయించుకున్న వీడియోతో హార్వర్డ్ లా స్కూల్లో సీటు సంపాదిస్తుంది. అప్పట్లో అది జోకు. ఎనిమిదేళ్లలో అడ్మిషన్ల ఆఫీసుల్లో పనిగా మారింది.

డబ్బున్నవాళ్లు ప్రొఫెషనల్ చేత తీయించుకుంటారు, లేనివాళ్లు నష్టపోతారు అన్న అభ్యంతరం వెంటనే వచ్చింది. వీడియో పంపినవాళ్లలో మూడింట రెండొంతులు ఆర్థిక సాయం కోరినవాళ్లేనని కాఫిన్ జవాబిచ్చాడు. ఆ లెక్క నాకు నమ్మదగ్గదిగానే అనిపిస్తుంది. వంటింటి బల్ల మీద ఫోను నిలబెట్టి మాట్లాడటానికి ఖర్చేమీ కాదు, కాలేజీ ప్రవేశపరీక్ష ఎస్ఏటీ కోచింగ్‌కి అవుతుంది. ఆ మొదటి ఏడాది నాకు నచ్చనిది వేరే. లింకులు అందరికీ తెరిచి ఉన్నాయి. పదిహేడేళ్ల పిల్లలు సీటు కోసం చేసుకున్న మనవిని ముక్కూమొహం తెలియనివాళ్లు చూసి, మార్కులేసి, వెక్కిరించే వీలుంది. తర్వాత వచ్చిన కాలేజీలు వీడియోను తమ పోర్టల్లోనే పెట్టించుకోవడం మంచిదైంది.

ఇదే పద్ధతిని అందరికన్నా దూరం తీసుకెళ్లినవాడు ఓ జాజ్ పియానో వాద్యకారుడు. హోసే ఆంటోనియో బోవెన్ 2014 జులైలో మేరీల్యాండ్‌లోని గౌచర్ కాలేజీకి అధ్యక్షుడయ్యాడు. రెండు నెలలు తిరిగేసరికి కొత్త పద్ధతి ప్రకటించాడు. మార్కుల జాబితా వద్దు, పరీక్ష స్కోరు వద్దు. గౌచర్‌లో మిమ్మల్ని మీరు ఎలా చూసుకుంటున్నారో చెప్పే రెండు నిమిషాల వీడియో, స్కూల్లో చేసిన పని రెండు మచ్చులు, చిన్న ఫారం. పత్రికలు ఉలిక్కిపడ్డాయి. సెల్ఫీ ఇస్తే సీటా అని ఎగతాళి చేశాయి. బోవెన్ వాదన ఏమంటే, అర్హత ఉన్న పేదపిల్లలు అప్లికేషన్ తతంగం చూసే వెనక్కి తగ్గుతున్నారు, ఫోను ముందు మాట్లాడటం వాళ్లకు చేతనైన పని, అక్కడి నుంచే మొదలుపెడదాం. మిగతా కాలేజీలు మార్కుల జాబితా వదిలేసేంత ధైర్యం చేయలేదు. వీడియోను మాత్రం తీసుకున్నాయి. మరుసటి ఏడాది జీమీ అనే కంపెనీ పిల్లల వీడియో పేజీలు తయారుచేస్తుంటే, ఆ లింకు పెట్టుకోవడానికి కొన్ని కాలేజీలు అప్లికేషన్‌లో ఓ గడి ఇచ్చాయి.

అసలు మలుపు ఇంటర్వ్యూ దగ్గర వచ్చింది. అమెరికన్ కాలేజీ ఇంటర్వ్యూ అంటే చాలాచోట్ల పాత విద్యార్థి ఎవరో కాఫీ షాపులోనో లైబ్రరీలోనో ఓ గంట మాట్లాడి, కాలేజీకి ఉత్తరం రాయడం. 1975లో 15 ప్రైవేటు కాలేజీలు కలిసి, ఒకే ఫారంతో అన్నింటికీ అప్లై చేసే కామన్ అప్లికేషన్ మొదలుపెట్టాయి. 1998లో అది ఆన్‌లైన్‌కి వచ్చింది. ఆ తర్వాత ఒక్కో విద్యార్థి పెట్టే అప్లికేషన్లు పెరిగాయి గానీ, ఇంటర్వ్యూ చేసే పాత విద్యార్థులు ఆ లెక్కన పెరగలేదు. మాన్‌హట్టన్ పిల్లకి ఇంటర్వ్యూ దొరుకుతుంది, మొంటానాలో గొడ్ల పొలం మధ్య పెరిగిన పిల్లకి దొరకదు, వరంగల్ పిల్లకి అసలే దొరకదు. 2018 జూన్‌లో షికాగో విశ్వవిద్యాలయం ఇంటర్వ్యూలకు స్వస్తి చెప్పి, ఇష్టమైతే రెండు నిమిషాల పరిచయ వీడియో పంపమంది. అదే ప్రకటనలో ఎస్ఏటీ, ఏసీటీ స్కోర్లు కూడా తప్పనిసరి కాదంది. బ్రౌన్ కూడా పాత విద్యార్థుల ఇంటర్వ్యూలు మానేసి ఆ చోట వీడియో పెట్టింది. అందరికీ ఇంటర్వ్యూ ఇవ్వలేనప్పుడు కొందరికే ఇవ్వడం అన్యాయమన్నది బ్రౌన్ చెప్పిన కారణం. నేను ఒప్పుకుంటాను. కాకపోతే ఇంటర్వ్యూలో ఎదుటి మనిషి ప్రశ్న అడుగుతాడు, తల ఊపుతాడు, పిల్లవాడు తడబడితే మంచినీళ్లు తాగమంటాడు. ఫోనుకి ఆ మర్యాద తెలియదు.

బిజినెస్ స్కూళ్లలో ఇదంతా కాస్త ముందే నడిచింది. టొరంటోలోని రోట్మన్ స్కూలు 2012లో వీడియో ప్రశ్నలు పెట్టింది. అదే ఊళ్లో పుట్టిన కిరా టాలెంట్ అనే సంస్థ వాటికి సాఫ్ట్‌వేర్ ఇచ్చింది. యేల్, కెల్లాగ్ ఆ వెంటే వచ్చాయి. హైదరాబాద్ నుంచి ఎంబీఏకి అప్లై చేసే సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లకు, రాత్రి పదింటికి ఫార్మల్ చొక్కా, కింద లుంగీతో ల్యాప్‌టాప్ ముందు కూర్చోవడం అలా పరిచయమైంది.

మన కుటుంబాలకు వీడియో అంటే కాస్త తికమకే. ఎంసెట్ 1986లో మొదలైన దగ్గర్నుంచి ర్యాంకే మన భాష. ఆ ర్యాంకుకి ముఖం లేదు, గొంతు లేదు. అది ఎంత మేలు చేసిందో ఊళ్ల నుంచి వచ్చిన మొదటి తరం చదువరులను అడిగితే చెబుతారు. అలాంటి ఇళ్ల నుంచి న్యూజెర్సీ, డాలస్ వెళ్లి స్థిరపడినవాళ్ల పిల్లలు ఇప్పుడు ఈ ప్రశ్న దగ్గర ఆగుతున్నారు. ఇష్టమైతేనే అని కాలేజీ అంటుంది. మన ఇంట్లో అమ్మానాన్నలకు అది ‘తప్పకుండా’ అనే వినిపిస్తుంది. దాంతో కూచిపూడి అరంగేట్రం ముక్క, స్పెల్లింగ్ బీ కప్పు, రోబోటిక్స్ పతకం, వెనక మంద్రంగా వయొలిన్. అప్లికేషన్‌లో రాసేసినవే మళ్లీ కదిలే బొమ్మల్లో. షికాగో సూచనలు చదివితే ఇంత కష్టం అక్కర్లేదని తెలుస్తుంది. కంఠతా పట్టొద్దు, నాణ్యత చూడం అంటారు. గ్రాఫు కాగితంలా డాన్సాడిన ఆ అమ్మాయి వీడియో పనిచేసింది డాన్సు గొప్పదై కాదు. లెక్కలూ డాన్సూ రెండూ ఒక్క మనిషిలో ఎలా ఉంటాయో మార్కుల జాబితాలో రాయడానికి చోటు లేదు.

ఇంతలో బీజింగ్‌లో వేరే దారిలో ఇదే వస్తువు తయారవుతోంది. టెర్రీ క్రాఫోర్డ్, గ్లోరియా చౌ దంపతులు అక్కడ ఇనిషియల్‌వ్యూ అనే సంస్థ పెట్టారు. చైనా నుంచి వచ్చే అప్లికేషన్లలో వ్యాసం ఏజెంటు రాశాడేమోనని అమెరికా కాలేజీలకు అనుమానం. పిల్లవాడిని ముందుగా తయారుకాని ప్రశ్నలతో మాట్లాడించి, ఆ రికార్డింగును మార్కులేయకుండా, కత్తిరించకుండా కాలేజీకి పంపడం వీళ్ల పని. టఫ్ట్స్ వీడియో ‘నువ్వెవరివో ఆడుతూ పాడుతూ చెప్పు’ అంది. బీజింగ్ వీడియో ‘ఇది నువ్వేనని రుజువు చెయ్యి’ అంది.

2022 నవంబర్ 30న చాట్‌జీపీటీ విడుదలయ్యాక ఆ అనుమానం చైనా దాటి అందరి మీదికీ వచ్చింది. హైదరాబాద్ అమీర్‌పేటలో అప్లికేషన్ వ్యాసాలు (ఎస్ఓపీలు) రాసిపెట్టే పనిని యంత్రం అందరికీ ఉచితంగా చేసిపెడుతుంటే, వ్యాసం మీద ఎవరికి నమ్మకం ఉంటుంది? డ్యూక్ విశ్వవిద్యాలయం 2024లో వ్యాసానికి అంకెల్లో మార్కు వేయడం మానేసింది. అదే డ్యూక్, ఇనిషియల్‌వ్యూ వాళ్ల ‘గ్లింప్స్’ అనే చిన్న వీడియోను తీసుకుంటోంది. మెయిన్ రాష్ట్రంలోని బోడన్ కాలేజీ పద్ధతి ఇంకా సూటిగా ఉంటుంది. కావాలంటే సాధన ప్రశ్నలతో ఎన్నిసార్లైనా చేసుకోవచ్చు. అసలు ప్రశ్న తెర మీదికి వచ్చాక ఆలోచించుకోవడానికి 30 సెకన్లు, చెప్పడానికి రెండు నిమిషాలు. మళ్లీ తీయడం ఉండదు. ఆ ప్రశ్న ఏమిటో ముందు తెలియదు కాబట్టి బట్టీ పట్టడానికీ, ఎవరి చేతనైనా రాయించుకోవడానికీ ఏమీ లేదు.

2023 జూన్ 29న అమెరికా సుప్రీంకోర్టు హార్వర్డ్ కేసులో, అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోకూడదంది. దాంతో జాతి గడిలో పిల్లలు పెట్టిన టిక్కు చదివేవాళ్ల కంట పడకుండా దాచే వెసులుబాటు కామన్ అప్లికేషన్ ఇచ్చింది. జాతి తన బతుకును ఎలా మలిచిందో పిల్లవాడు వ్యాసంలో రాసుకోవచ్చని తీర్పు రాసిన ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ అన్నాడు. అది పిల్లవాడి ఇష్టం, రాస్తే రాస్తాడు, లేకపోతే లేదు. వీడియోలో మాత్రం ఒంటి రంగు, యాస, వెనక గోడకున్న దేవుడి పటం పిల్లవాడు నోరు తెరవకముందే మాట్లాడేస్తాయి. కెమెరా నాణ్యతను పట్టించుకోవద్దని ఆఫీసులో చదివేవాళ్లకు చెప్పవచ్చు, వాళ్లు వింటారు కూడా. చూసిన ముఖాన్ని చూడనట్టు మార్కు వేయమని ఎలా చెబుతారో, ఒక్క కాలేజీ అయినా వివరంగా రాసిపెడితే చదవాలని ఉంది.